వేసవిలో కోస్తా బీచ్‌కి వెళ్ళేవారు ఎండను, పిడుగును, అలను ఎలా కనిపెట్టాలి

ఏప్రిల్ నెలలో సెలవులు మొదలవగానే చాలామంది అడిగే ప్రశ్న ఒక్కటే: పిల్లలతో సముద్రానికి వెళ్ళాలనుకుంటున్నాము, ఏ సమయంలో వెళ్ళాలి, ఎంత లోతు దాకా దిగవచ్చు, మబ్బు పడితే ఏం చేయాలి? కళింగపట్నం నుంచి మైపాడు దాకా మన తీరంలో వేసవిలో ఎదురయ్యే ప్రమాదాలు మనం చూస్తున్న వైపు నుంచి రావు. మనం తూర్పున సముద్రాన్ని చూస్తుండగా గాలివాన పడమటి నుంచి వస్తుంది. అలలు లేక నెమ్మదిగా కనిపించే చోటే నీరు మనిషిని లోపలికి లాగుతుంది. చల్లగాలి తగులుతున్నంతసేపూ ఒంట్లో వేడి పెరుగుతున్న సంగతి తెలియదు. అందుకని కింది అంశాలను బయలుదేరే ముందు ఒకసారి, తీరానికి చేరాక ఇంకోసారి చదువుకోవడం మంచిది.

కావలసినవి

మనిషికి కనీసం రెండు లీటర్ల మంచినీళ్ళు, నాలుగైదు ఓఆర్ఎస్ పొట్లాలు, వాటిని కలపడానికి సరిగ్గా లీటరు పట్టే సీసా, వదులైన నూలు బట్టలు, టోపీ, తువ్వాళ్ళు, అందరికీ చెప్పులు, ఒక ఈల తీసుకోండి. మధ్యాహ్నానికి ఇసుక అరికాళ్ళు బొబ్బలెక్కేంతగా కాలుతుంది కాబట్టి చిన్నపిల్లలకు కూడా చెప్పులు తప్పనిసరి. మూత గట్టిగా బిగిసే ఐదు లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ డబ్బా ఒకటి, దాని పిడికి కట్టిన పదిహేను, ఇరవై మీటర్ల నైలాన్ తాడు కూడా ఉండాలి. ఇది అనవసరమైన బరువని చాలామంది ఇంట్లోనే వదిలేస్తారు కానీ, ఈ జాబితాలో ప్రాణం నిలబెట్టగల వస్తువు ఏదైనా ఉందంటే ఇదే.

ఫోన్‌లో వాతావరణ శాఖ వారి ‘మౌసమ్’, పిడుగుల సమాచారానికి ‘దామిని’, విపత్తు హెచ్చరికలకు ‘సచేత్’ యాప్‌లను ముందే దించుకుని, మీరున్న చోటును తెలుసుకునే అనుమతి ఇవ్వండి. అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, సముద్రంలో ఆపద వస్తే తీర రక్షక దళానికి 1554 నంబర్లను మీతో వచ్చే పెద్దలందరి ఫోన్లలోనూ దాచిపెట్టండి.

1. ముందు రోజు రాత్రి మూడు విషయాలు చూడండి

మొదటిది ఎండ. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు చేరితేనే వడగాడ్పుల లెక్క మొదలవుతుంది. తీర ప్రాంతంలో మాత్రం 37 డిగ్రీలు చేరి, అది మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువైతే చాలు, వాతావరణ శాఖ వడగాడ్పుగానే పరిగణిస్తుంది. దీనికి కారణం తేమ. హైదరాబాదులో 41 డిగ్రీల ఎండ ఉండి గాలిలో తేమ 20 శాతమే ఉంటే, నీడలో శరీరానికి తెలిసే వేడి కూడా 41 దగ్గరే ఉంటుంది. అదే తీరంలో 35 డిగ్రీలు ఉండి తేమ 70 శాతం ఉంటే, చెమట ఆరే దారి లేక శరీరానికి దాదాపు 50 డిగ్రీల వేడి తగిలినట్లవుతుంది. హైదరాబాదు నుంచి సూర్యలంకకో విశాఖకో వచ్చేవారు ‘మా ఊరికంటే ఇక్కడే తక్కువ’ అనుకోవడం ఈ లెక్క తెలియకనే. కాబట్టి ఉష్ణోగ్రత ఒక్కటే కాకుండా, దాని పక్కనే ఇచ్చే తేమ శాతాన్ని కూడా చదవండి.

రెండవది గాలి. పగటిపూట పడమటి గాలి బలంగా వీస్తుందని సూచన ఉంటే, సముద్రపు గాలి ఆలస్యంగా వస్తుంది లేదా అసలు రాదు. రోహిణీ కార్తెలో రోళ్ళు పగిలే ఎండలు కోస్తాను వేపేది ఇలాంటి రోజుల్లోనే. ఆ రోజు ప్రయాణాన్ని మానుకోండి, లేదా ఉదయం ఎనిమిదింటికల్లా వెనుదిరిగేలా కుదించుకోండి.

మూడవది సముద్రం. సముద్రమే లేని హైదరాబాదులో ఉన్న ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార సంస్థ మన తీరానికి అలల సూచనలు ఇస్తుంది. అందులో అలల ఎత్తుతో పాటు రెండు అలల మధ్య వ్యవధి కూడా ఉంటుంది. ఎండాకాలంలో ఎక్కడో దక్షిణ సముద్రంలో పుట్టిన తుపాను అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి, ఇక్కడ ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున కూడా ఒడ్డును బలంగా కొట్టగలవు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్నా, మత్స్యకారులు వేటకు వెళ్ళరాదని హెచ్చరిక ఉన్నా, ఓడరేవుల్లో ఒకటో నంబరు ప్రమాద సూచిక ఎగురవేసినా నీటిలోకి దిగే ఆలోచన మానుకోండి. మే నెలలో తుపానులు రావనుకోకండి. 1990 మే నెలలో కృష్ణా జిల్లాను, 2010 మే నెలలో బాపట్ల ప్రాంతాన్ని తాకినవి వేసవి తుపానులే.

2. ఏ బీచ్, ఏ వేళ

ఈతకు గీత గీసి, గజ ఈతగాళ్ళను నియమించిన చోటును ఎంచుకోండి. విశాఖ పరిసరాల్లో రుషికొండ అలాంటిది. రామకృష్ణా బీచ్ ఊరి మధ్యనే ఉండి, జనంతో కళకళలాడుతుంది కాబట్టి క్షేమమని అనిపిస్తుంది కానీ, అక్కడ అడుగున లాగుడు ఎక్కువ. అది నడవడానికీ, కూర్చోవడానికీ బాగుంటుంది, ఈతకు కాదు. యారాడలో కూడా చూసి రావడమే మేలు. అంతర్వేది, హంసలదీవి వంటి సాగర సంగమాల దగ్గర పాటు సమయంలో, అంటే సముద్రం వెనక్కి తగ్గేటప్పుడు, నది నీరు, సముద్రపు నీరు కలిసి బయటికి పరుగెడతాయి. సంగమ స్నానం చేయాలనుకునేవారు మోకాలి లోతు దాటకుండా, స్థానికులు చూపించిన చోట మాత్రమే, ఒకరి చేయి ఒకరు పట్టుకుని ముంచుకుని రావాలి.

వేళ విషయంలో నా సలహా మొహమాటం లేనిది: ఉదయమే వెళ్ళండి. మే నెలలో ఐదున్నర లోపే తెల్లవారుతుంది. అప్పటి నుంచి ఎనిమిదిన్నర దాకా ఎండ తట్టుకోగలిగేలా ఉంటుంది, ఉరుముల వాన వచ్చే అవకాశం కూడా తక్కువ. సాయంత్రం చల్లబడ్డాక వెళ్దామని ఎక్కువమంది అనుకుంటారు కానీ, వేసవి గాలివానలు ఎక్కువగా మధ్యాహ్నం తరువాత లోపలి జిల్లాల్లోనో తూర్పు కనుమల మీదనో పుట్టి, సాయంత్రానికి తీరం వైపు వస్తాయి. తెల్లవారుజామున గజ ఈతగాళ్ళు ఇంకా విధుల్లోకి రాకపోవచ్చు. వారు వచ్చేదాకా పిల్లలను ఇసుకలోనే ఆడనివ్వండి.

ఇంకో సంగతి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరపడవల వేట నిషేధం ఉంటుంది. ఆ రెండు నెలలూ సముద్రంలో పడవలు పలచగా ఉంటాయి కాబట్టి, ఎవరైనా కొట్టుకుపోతే దగ్గరలో ఉన్న పడవవారు వచ్చి ఎత్తుకునే అవకాశం కూడా తగ్గుతుంది.

3. నీటిలో కాలు పెట్టే ముందు పది నిమిషాలు నిలబడి చూడండి

ఈ అడుగును ఎవరూ వేయరు. బండి దిగగానే పిల్లలు పరుగు తీస్తారు, వెనకే పెద్దలు. దయచేసి వారిని ఆపి, రోడ్డు గట్టు మీదనో ఇసుక దిబ్బ మీదనో ఎత్తున నిలబడి సముద్రాన్ని చూడండి.

ఒడ్డు పొడవునా తెల్లగా విరుగుతున్న అలల వరుసలో ఎక్కడో ఒకచోట సందు కనిపిస్తుంది. అక్కడ అల విరగదు, నీరు కాస్త ముదురు రంగులోనో ఇసుక కలిసి మట్టిరంగులోనో ఉంటుంది, పైన నురుగు ఒడ్డుకు రాకుండా లోపలికి పోతూ ఉంటుంది. రిప్ కరెంటు అంటే అదే. అలలు ఒడ్డుకు మోసుకొచ్చిన నీరంతా తిరిగి సముద్రంలోకి పోవడానికి ఇసుక మేటల మధ్య చేసుకున్న కాలువ అది. ‘ఇక్కడ అలలు లేవు, పిల్లలకు బాగుంటుంది’ అని ఆ సందునే ఎంచుకోవడం మన తీరంలో జరిగే ప్రమాదాల్లో అతి సాధారణమైన పొరపాటు.

అనుమానంగా ఉంటే ఒక ఎండిన సరుగుడు పుల్లను ఆ నీటిలోకి విసిరి రెండు నిమిషాలు చూడండి. ముందుకూ వెనక్కూ ఊగుతూ ఒడ్డుకే వస్తే సరే. నేరుగా లోపలికి పోతే ఆ చోటును వదిలి కనీసం వంద మీటర్లు పక్కకు జరగండి. పుల్ల ఒడ్డుకు వచ్చినంత మాత్రాన ఆ రోజంతా అక్కడ భయం లేదని కాదు. పోటు పాటుగా మారేటప్పుడు ఇదే చోట కొత్త కాలువ తెగవచ్చు కాబట్టి, అరగంటకోసారి మళ్ళీ చూడాలి.

తరువాత అలలను లెక్కపెట్టండి. ఒక అల విరిగినప్పటి నుంచి పదకొండో అల విరిగే దాకా పట్టిన సమయాన్ని ఫోన్‌లో చూడండి. ఒక నిమిషం, నిమిషంన్నర లోపు అయితే అవి దగ్గర గాలికి పుట్టిన మామూలు అలలు. రెండు నిమిషాలు దాటితే అవి దూరం నుంచి వచ్చినవి. అలాంటి రోజున చాలాసేపు నీరు నెమ్మదిగా ఉండి, ఒక్కసారిగా మూడు నాలుగు పెద్ద అలలు వరుసగా వచ్చి ఒడ్డున కూర్చున్నవారిని కూడా లాగేస్తాయి. ఆ రోజు రాళ్ళ మీద నిలబడి ఫోటోలు తీసుకోవద్దు. తడిసి నల్లగా కనిపిస్తున్న రాయి దాకా అల వస్తుందని గుర్తు.

4. దిగేటప్పుడు

పెద్దలకు నడుము లోతు, పిల్లలకు వారి మోకాలి లోతు హద్దుగా పెట్టుకోండి. పిల్లలను చూసే పని ఒకరికి అప్పగించండి, వారు ఫోన్ పక్కన పెట్టాలి. అందరూ చూస్తున్నారంటే ఎవరూ చూడటం లేదని అర్థం. గట్టు మీద కనిపించే ఒక గుర్తును, అంటే ఒక స్తంభాన్నో కొట్టునో పెట్టుకుని, దానికి ఎదురుగానే ఉండండి. వేసవిలో మన తీరం వెంట నీరు సాధారణంగా ఉత్తరానికి, అంటే సముద్రం వైపు తిరిగి నిలబడితే మీ ఎడమచేతి వైపుకు నెడుతుంది. మీకు తెలియకుండానే గుర్తుకు దూరంగా జరిగిపోతారు. మద్యం తాగినవారు నీటిలోకి దిగకూడదు, వారిని దిగనివ్వకూడదు. ఈ విషయంలో మొహమాటం పనికిరాదు.

5. ప్రవాహం లాగితే

ఒడ్డు వైపు ఈదకండి. ఆ ప్రవాహం మనిషిని కిందికి ముంచదు, లోపలికి మోసుకుపోతుంది, అంతే. దానికి ఎదురీది అలసిపోవడం వల్లనే మునుగుతారు, బాగా ఈత వచ్చినవారు కూడా. వెల్లకిలా తేలుతూ ఊపిరి నిలుపుకుని, ఒక చేయి ఎత్తి ఊపండి. బలం ఉంటే ఒడ్డుకు సమాంతరంగా, అలలు తెల్లగా విరుగుతున్న వైపుకు ఈదండి. ఒకవైపు కష్టంగా ఉంటే రెండో వైపు ప్రయత్నించండి. అలలు విరిగే చోటుకు చేరితే ఆ అలలే మిమ్మల్ని ఒడ్డుకు తోస్తాయి. ఈదలేకపోతే తేలుతూనే ఉండండి. అలల వరుస దాటాక లాగుడు చాలావరకు తగ్గిపోతుంది.

కొట్టుకుపోతున్నవారిని చూసినవారు నీటిలోకి దూకకూడదు. అన్న కోసం తమ్ముడు, కొడుకు కోసం తండ్రి దిగి ఇద్దరూ పోయిన వార్తలు ప్రతి వేసవిలోనూ చదువుతున్నాము. ఈల ఊది గజ ఈతగాళ్ళను పిలవండి, మూత బిగించిన ఖాళీ డబ్బాను కొట్టుకుపోతున్నవారికి అందేలా విసరండి, తాడు కొసను ఒడ్డున ఇద్దరు పట్టుకోండి. తాడు చాలనంత దూరంలో ఉంటే, మూత తీయకుండా డబ్బాను తాడు నుంచి విప్పి వదిలేయండి. దానిని గుండెకు హత్తుకుంటే మనిషి తేలుతాడు. ఒకరు మాత్రం చూపు తిప్పకుండా వారి వైపే వేలు చూపిస్తూ నిలబడాలి. అలల మధ్య తలను ఒకసారి పోగొట్టుకుంటే మళ్ళీ కనిపెట్టడం చాలా కష్టం.

6. ఎండదెబ్బను ఎలా గుర్తించాలి

దాహం వేసేదాకా ఆగకుండా ఇరవై నిమిషాలకోసారి గ్లాసు నీళ్ళు, మధ్యలో మజ్జిగ, కొబ్బరినీళ్ళు తాగించండి. ముంజలు, సబ్జా నీళ్ళు మంచివే. ఓఆర్ఎస్ పొట్లం మీద లీటరుకు అని ఉంటే మొత్తం పొట్లాన్ని లీటరు నీటిలోనే కలపాలి. కొంచెం కొంచెం గ్లాసులో చల్లుకుని తాగడం చాలా ఇళ్ళలో చేసే పొరపాటు. పొట్లం దొరకనప్పుడు లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. టీ చెంచాతో, తలగొట్టి కొలవాలి. శీతల పానీయాలు దీనికి బదులు కావు.

తాగింది సరిపోయిందో లేదో తెలుసుకోవడానికి మూత్రాన్ని చూడటమే సులువైన పద్ధతి. లేత పసుపు రంగులో ఉంటే సరే. ముదురు రంగులో ఉన్నా, మూడు నాలుగు గంటలుగా పిల్లవాడు మూత్రానికే వెళ్ళకపోయినా నీడకు తీసుకువచ్చి ఓఆర్ఎస్ మొదలుపెట్టండి. తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం, నీరసం కనిపిస్తే ఆ రోజుకు బీచ్ అయిపోయినట్లే.

మాట తడబడటం, పొంతన లేకుండా మాట్లాడటం, తూలడం, స్పృహ తప్పడం ఉంటే అది వడదెబ్బ. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదని ధైర్యం తెచ్చుకోవద్దు. ఉక్కపోత ఉండే తీరంలో ఒళ్ళంతా చెమటతో తడిసి ఉండగానే వడదెబ్బ తగలవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్సు వచ్చేదాకా ఎదురుచూస్తూ కూర్చోకుండా నీడలో పడుకోబెట్టి, తల నుంచి కాళ్ళ దాకా నీళ్ళు గుమ్మరిస్తూ విసరండి. మంచుముక్కలు దొరికితే గుడ్డలో చుట్టి మెడకు, చంకలకు, గజ్జలకు ఆనించండి. స్పృహ సరిగా లేనివారి నోట్లో నీళ్ళు పోయకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

7. గాలివాన వస్తుంటే

పదిహేను నిమిషాలకోసారి సముద్రానికి వీపు తిప్పి పడమటి వైపు చూడండి. కాలీఫ్లవర్‌లా ఉబ్బుతూ పైకి పెరిగే మబ్బు, దాని అడుగు నల్లబడటం, అప్పటిదాకా వీస్తున్న సముద్రపు గాలి ఆగిపోయి ఒక్కసారిగా పడమటి నుంచి చల్లని ఈదురుగాలి రావడం వరుసగా కనిపించే గుర్తులు. ఆ చల్లగాలి తగలగానే హాయిగా ఉందని జనం నీటిలోకి ఇంకా దిగుతారు. నిజానికి అప్పటికే మబ్బు మీ దగ్గరకు వచ్చేసింది.

దామిని యాప్ మీ చుట్టూ 20, 40 కిలోమీటర్ల పరిధిలో పడుతున్న పిడుగులను చూపిస్తుంది. సిగ్నల్ లేకపోతే మెరుపు కనిపించగానే లెక్కపెట్టండి. ఉరుము వినిపించేలోగా గడిచిన ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు. 30 సెకన్ల లోపు వినిపించిందంటే పిడుగు పది కిలోమీటర్ల లోపలే ఉంది, అంటే తరువాతది మీ మీదనే పడవచ్చు. లెక్క కుదరకపోతే ఉరుము చెవిన పడటమే చాలు, వెంటనే నీటి నుంచి బయటికి వచ్చి కదలండి.

ఎక్కడికి వెళ్ళాలన్నదే ముఖ్యం. పక్కా భవనం లోపలికి, లేదా ఇనుప పైకప్పు ఉన్న కారులోకి వెళ్ళి అద్దాలు ఎత్తుకోండి. సరుగుడు తోటలోకి, తాటి, కొబ్బరి చెట్ల కిందికి పరుగెత్తకండి. రేకుల షెడ్డు, తాటాకు పాక వానను ఆపుతాయి, పిడుగును ఆపవు. గొడుగు మూసేయండి, పడవ ఎక్కవద్దు. ఏ ఆశ్రయమూ అందకపోతే ఒకరికొకరు దూరంగా, పాదాలు దగ్గరగా పెట్టుకుని, తల దించుకుని గొంతుక్కూర్చోండి, ఇసుకలో పడుకోకండి. ఇది క్షేమమైన పద్ధతి కాదు, గత్యంతరం లేనప్పుడు చేసేది మాత్రమే.

వాన వెలిసిందని కాదు, చివరి ఉరుము వినిపించి అరగంట అయిందని నిర్ధారించుకున్నాకే బయటికి రండి. మధ్యలో మళ్ళీ ఉరిమితే అరగంట లెక్క మొదటి నుంచి మొదలు.

8. ప్రాణాపాయం జరిగితే

పిడుగు తగిలినవారి ఒంట్లో కరెంటు నిలిచి ఉండదు. ముట్టుకుంటే షాక్ కొడుతుందని భయపడి దూరంగా నిలబడటం వల్ల విలువైన సమయం పోతుంది. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు చేతులతో ఐదు సెంటీమీటర్ల లోతు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో నొక్కండి. ప్రతి 30 నొక్కులకు రెండుసార్లు నోటి ద్వారా ఊపిరి ఊదండి. నీటిలో మునిగినవారికైతే నొక్కడానికి ముందే ఊపిరి ఊదడంతో మొదలుపెట్టాలి, ఎందుకంటే వారికి ముందుగా కరువైనది గాలి. తలకిందులుగా వేలాడదీయడం, కడుపు నొక్కి నీళ్ళు కక్కించడం, భుజాన వేసుకుని పరుగెత్తడం ఇప్పటికీ మన తీరాల్లో కనిపిస్తాయి. అలా చేస్తే కక్కినది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ఊపిరి అందించాల్సిన నిమిషాలు కూడా వృథా అవుతాయి.

నీటి నుంచి బయటపడి, తేరుకుని, మాట్లాడుతున్న మనిషిని కూడా ఆ రోజు కనిపెట్టి ఉండాలి. తరువాతి కొన్ని గంటల్లో ఆగని దగ్గు, ఆయాసం, అసాధారణమైన మగత, పెదవులు నీలంగా మారడం కనిపిస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు వెళ్ళిందని అనుమానించి, ఎంత రాత్రయినా ఆసుపత్రికి తీసుకువెళ్ళి, నీటిలో మునిగిన విషయాన్ని డాక్టరుకు మీరే ముందుగా చెప్పండి.